వరదను కోరు వృక్షము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



జామాయిల్ చెట్టు నెఱుగనివారు ఈ సభలో నుండరు. కాగితపు గుజ్జునకై దానిని వరుసలలో పెంచి, కొలది యేండ్లకే నఱకుచున్నాము. ఆ కుటుంబములోని ఒక జాతి తన పుట్టినింట నెట్లు జీవించుచున్నదో నేడు మనవి చేసెదను.

ఆ పుట్టినిల్లు ఆస్ట్రేలియా. అచ్చట ముర్రే, డార్లింగు నదుల గట్లవెంబడి ఈ వృక్షములు బారులు తీరియుండును. కలప ఎఱ్ఱనిది గనుక ‘రివర్ రెడ్ గమ్’ అందురు. 1832లో డేన్‌హార్ట్ అను ఉద్యానవేత్త ఇటలీలోని కమాల్డోలి తోటలో పెరిగిన చెట్టును చూచి ‘కమాల్డులెన్సిస్’ అని నామకరణము చేసెను. స్వదేశపు నది పేరు గాక, పరదేశపు తోట పేరు దానికి దక్కినది!

ఇది వందల యేండ్లు బ్రతుకును. ముదిసిన మ్రాను తొఱ్ఱలలో చిలుకలు గూళ్లు కట్టును. యోర్తా యోర్తా మొదలగు ఆదివాసులు చెట్టును చంపకయే బెరడు నొలిచి దోనెలు చేసికొనెడివారు. ఆ మచ్చలు కొన్ని మ్రాకులపై నేటికిని కానవచ్చును.

ఈ చెట్టునకు వరదయే ప్రాణము. శీతకాలాంతమున మంచు కరగి నది పొంగి, అడవిని ముంచి, మరల తీయును. ఆ తడి ఒండ్రులో విత్తులు మొలచి, వేసవికి ముందే వేరు లోతునకు దించును. 1936లో హ్యూమ్ ఆనకట్ట పూర్తియైనది. పొలములు పండినవి, కాని పొంగవలసిన కాలమున నీరు జలాశయమున నిలిచి, వేసవిలో కాలువలకు పాఱినది. అడవికి ఋతువే తలక్రిందులయ్యెను. 1997 మొదలు 2009 వఱకు సాగిన మహాక్షామమున అసంఖ్యాక వృక్షములు నిలువున ఎండినవి.

అప్పుడు నదికిని కొంత నీరు మిగుల్పవలెనని ప్రభుత్వము తలపెట్టగా, తమ పంటలేమగునని రైతులు 2010లో గ్రిఫిత్ పట్టణమున ఆ ప్రణాళిక ప్రతులను తగులబెట్టిరి. వారి భయము అకారణము కాదు. ఐనను 2012లో ప్రణాళిక చట్టబద్ధమయ్యెను. బార్మా అడవికి ఇప్పుడు జలాశయమునుండి వలసినపుడు నీరు విడుచుచున్నారు.

సోదరులారా! ఆనకట్ట మనకు అన్నము పెట్టిన తల్లి. ఆ మాట మఱువరాదు. కాని నదికి మనమొక్కరమే వారసులము కాము. నీటిని పంచుకొనునపుడు నోరులేని గట్టునకును, చెట్టునకును ఒక వాటా నుంచుట ధర్మము. ఎండిన పిదప పోయు నీటికంటె ఎండకమున్ను విడుచు నీరే మేలు.