బడి గుమ్మం దగ్గర తల్లిదండ్రులకు తీర్పు తీర్చవచ్చా?



చెన్నైలో ఉంటున్న తెలుగు క్రైస్తవులమైన మనకు చర్చి పాఠశాలలు కొత్త కాదు. మనలో చాలామందిమి వాటిలోనే చదివాం. మన పిల్లల్నీ వాటిలోనే చేర్పిస్తున్నాం. అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరుకు ఒక గడి, తల్లి పేరుకు ఒక గడి ఉంటాయి. ఆ రెండు గళ్ళలో ఇద్దరు స్త్రీల పేర్లో, ఇద్దరు పురుషుల పేర్లో రాసి ఒక బిడ్డను తీసుకొస్తే చర్చి బడి ఏం చేయాలి? ఈ రోజు మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ఇది ఊహించి అడిగిన ప్రశ్న కాదు. 2010లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ పట్టణంలో ఒక కతోలిక పాఠశాల, ఇద్దరు స్త్రీలు పెంచుతున్న పిల్లల్ని ఇకముందు కొనసాగనివ్వబోమని చెప్పింది. డెన్వర్ అగ్రపీఠాధిపతి చార్లెస్ చాపుట్ దాన్ని సమర్థించారు. అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రంలోని హింగ్‌హామ్‌లో మరో కతోలిక బడి ఇలాంటి కుటుంబంలోని పిల్లవాడికి సీటిచ్చి వెనక్కి తీసుకుంది. అయితే అక్కడి బోస్టన్ అగ్రపీఠం 2011 జనవరిలో, ఏ వర్గం పిల్లల్నీ వివక్షతో బయట ఉంచకూడదని తన పాఠశాలలకు విధానం ప్రకటించింది. శ్రీసభ ఒకటే, బోధ ఒకటే. నిర్ణయాలు మాత్రం రెండు.

ఆ బోధ ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం స్వలింగ లైంగిక క్రియలను అంగీకరించదు. అదే గ్రంథం, అదే చోట, అలాంటి వ్యక్తులను గౌరవంతో, కనికరంతో స్వీకరించాలని, వారిపట్ల అన్యాయమైన వివక్ష చూపకూడదని కూడా చెబుతుంది. 2003లో వాటికన్ స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోవడాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 2023లో అదే వాటికన్, కతోలిక విశ్వాసంలో పెరుగుతారన్న నమ్మకం ఉంటే అలాంటి జంటల పిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చునని తెలిపింది. బాప్తిస్మపు తొట్టి దగ్గరకు రానిచ్చిన బిడ్డను బడి గుమ్మం దగ్గర ఆపడం ఎలా కుదురుతుంది?

చాపుట్‌గారి వాదనను తేలిగ్గా తీసేయకూడదు. విశ్వాసంలో పిల్లల్ని పెంచడానికి తల్లిదండ్రులే బడికి భాగస్వాములు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి నేర్పితే బిడ్డ నలిగిపోతుందని ఆయన ఆందోళన. కానీ మన ఊళ్లో చర్చి బడులను చూడండి. హిందూ పిల్లలున్నారు, ముస్లిం పిల్లలున్నారు. వాళ్ళ ఇంట్లో మన బోధ ప్రకారం నడవరని వాళ్ళను వెళ్ళగొడుతున్నామా? కట్నం తీసుకున్న తండ్రిని, లంచం తినే తండ్రిని, కులం చూసి పక్కకు జరిగే తల్లిని అడ్మిషన్ రోజున ప్రశ్నిస్తున్నామా? అందరినీ వదిలి ఒక్క కుటుంబాన్నే నిలదీస్తే అది సిద్ధాంతం అనిపించుకోదు, పక్షపాతం అనిపించుకుంటుంది.

మన చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొర బడిలో మొదట అగ్రకులాల పిల్లలు ఉండేవారు. మాదిగలు విశ్వాసులై రావడం మొదలుపెట్టగానే, వాళ్ళను చేర్చుకుంటే మేం ఉండబోమని అగ్రకులాలవారు తెగేసి చెప్పారు. దేవుడు ఈ లోకంలో నీచులని ఎంచబడినవారిని ఏర్పరచుకున్నాడని కొరింథీయులకు పౌలు రాసిన మాట దొరకు, దొరసానికి దారి చూపింది. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు, దొర మాత్రం మాదిగలను వదులుకోలేదు. ఎవరి కడుపున పుట్టారో చూసి ఆ రోజు తలుపు మూసి ఉంటే, మనలో ఎంతమందిమి ఈ వేళ అక్షరం ముక్క నేర్చి ఇక్కడ కూర్చుని ఉండేవాళ్ళం?

మన దేశంలో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు; జంటగా దత్తత తీసుకునే హక్కునూ మెజారిటీ న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. అయినా అలాంటి ఇళ్ళు ఉన్నాయి, వాటిలో పిల్లలూ ఉన్నారు. 2021 జూన్ 7న ఇక్కడి మద్రాసు హైకోర్టులో, మధురై నుంచి చెన్నై వచ్చి ఆశ్రయం పొందిన ఇద్దరు యువతుల కేసులో, న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ తల్లిదండ్రులు-ఉపాధ్యాయుల సమావేశాల ద్వారా పాఠశాలల్లో అవగాహన కల్పించాలని సూచించారు. తీర్పు రాయడానికి ముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. న్యాయమూర్తి నేర్చుకోవడానికి సిద్ధపడితే, పాస్టర్లమైన మేము సిద్ధపడకూడదా?

బడిలో చేర్చుకునేటప్పుడు బిడ్డనుగానీ తల్లిదండ్రులనుగానీ వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ పాఠశాలలకు ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఈ విషయంలో చట్టానికి భయపడి కాక, దేవునికి భయపడి మనం నిర్ణయించుకోవాలి.

లైంగికత గురించి సంఘంలో చర్చ జరగనివ్వండి. వాక్యం తెరిచి, ఒకరి మాట ఒకరు విని మాట్లాడుకుందాం. అందరం ఒకే మాట మీదికి రాకపోవచ్చు. కానీ పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి కన్నవారా అని శిష్యులు అడిగితే యేసు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. తండ్రుల దోషం కుమారులు మోయరని యెహెజ్కేలు ఏనాడో ప్రకటించాడు.

మీలో బడి కమిటీల్లో ఉన్నవాళ్ళున్నారు, టీచర్లున్నారు. అడ్మిషన్ ఫారంలో సంరక్షకుల పేరుకు చోటు పెట్టించండి. క్లాసులో ఆ బిడ్డను ఎగతాళి చేస్తుంటే అడ్డుపడండి. యౌవనస్థులారా, ఆ బిడ్డ పక్కన కూర్చోండి. చిన్నబిడ్డలను ఆటంకపరచవద్దన్న ప్రభువు మనకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.