పొదిగే పెట్టని పోనివ్వొద్దు
(వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



పొదుపు, వసూళ్లు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటికే చదివేశారు. మమ్మల్ని నాటుకోళ్ల గురించి చెప్పమన్నారు. కోళ్ల సంగతి ఎవరికి తెలీదు, వీళ్లు కొత్తగా చెప్పేదేముంది అనుకుంటారేమో. నిజమే, ఈ సభలో గుమ్మం ముందు కోడి లేనివాళ్లు తక్కువే. అయినా ఒక్క మాట అడుగుతాం. మీ ఇంట్లో ఉన్న పెట్టల్లో గుడ్ల మీద కూర్చుని పొదిగేవి ఎన్ని? మా సంఘం మీటింగులో ఇదే అడిగితే చాలామంది ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కోళ్లున్నాయి, గుడ్లున్నాయి, పొదిగే పెట్ట మాత్రం పక్కింట్లో వెతుక్కోవాల్సి వస్తోంది.

ఎందుకిలా అయిందంటే, ఆటోలో బుట్టలేసుకుని, మైకు పెట్టి 'నాటుకోడి పిల్లలమ్మా' అంటూ వీధుల్లోకి వస్తున్నారు. పిల్లలు రంగురంగులుగా ముద్దుగా ఉంటాయి, తొందరగా కండ పడతాయి. పెట్టలు గుడ్లు కూడా బాగానే పెడతాయి. పొదుగుకి మాత్రం రావు. అంటే మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ ఆటో కోసం చూడాలి. వాటి పుంజులు మన పెట్టల్తో కలిసిపోయాక పుట్టిన పెట్టల్లో కూడా పొదిగే గుణం సన్నగిల్లిపోతోంది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా కనపడేది ఏడాది తర్వాతే.

మేము మెరుగు జాతులకి వ్యతిరేకం కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రంవాళ్లు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెరటి పెంపకానికే పుట్టించిన కోళ్లు. ఏడాదికి నూరు గుడ్లకి పైనే పెడతాయి. ఇంట్లో పిల్లలకి రోజూ గుడ్డు పెట్టాలంటే అవే మేలు. మన అసీల్ పెట్ట అలా పెట్టదు. ఏడాదికి మూడు నాలుగు దఫాలు, దఫాకి పది పన్నెండు గుడ్లు, అంతే. కానీ ఆ పన్నెండు గుడ్ల మీద తనే కూర్చుంటుంది, తనే లేపుతుంది, గద్ద వస్తే రెక్కలు విప్పి ఎదురెళ్తుంది. కరెంటు బిల్లు లేదు. ఇది గుడ్ల కోడా, పిల్లల కోడా అని ముందు మనం తేల్చుకుంటే అప్పు దేనికి తీసుకోవాలో తెలుస్తుంది.

ఇంకో సంగతి విని మా వాళ్లంతా నవ్వారు. ఊరూరా అమ్మే బ్రాయిలర్ ఉంది కదా, దాని తండ్రి వైపు జాతి కార్నిష్ అని ఇంగ్లాండుది. ఆ కార్నిష్‌ని తయారు చేసేటప్పుడు మన దేశం నుంచి తీసుకెళ్లిన అసీల్‌ని కలిపారు. అంటే మన పెరట్లో కోడి రొమ్ము కండే తిరిగి తిరిగి ఫారం కోడిగా మన ఊరికొచ్చింది. ఇన్నాళ్లూ మనం దాన్ని పరాయిది అనుకున్నాం.

ఇక పొదుగు సంగతి. గుడ్లు దాచడం దగ్గరే సగం పని ఉంది. ఎండాకాలం వారం దాటిన గుడ్డు, చలికాలం పది రోజులు దాటిన గుడ్డు పొదుగుకి పెట్టకూడదు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, బీట పడ్డవి తీసేయాలి. గుడ్డుకి మట్టంటుకుంటే నీళ్లతో కడగొద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. చల్లటి మూల కుండలో ఇసక పోసి, సన్నటి కొన కిందికి ఉండేలా పెడుతున్నాం. ఎండాకాలం ఆ కుండ కింద కాస్త తడి ఉంచుతాం.

పెట్ట పొదుగుకి వచ్చిందని దాని అరుపే చెప్తుంది, ఈకలు రేపుకుని గూడు వదలదు. అప్పుడు గంపలో కాస్త బూడిద చల్లి, ఎండుగడ్డి పరిచి, పైన వేపాకు వేస్తే పేలు పట్టవు. పేలు పట్టిన పెట్ట పదో రోజుకే గుడ్లు వదిలేసి లేచిపోతుంది. మా అత్తలు గంపలో ఇనప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసేవారు, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా అని. ఇప్పటికీ కొందరం వేస్తున్నాం. దానివల్ల నష్టమేమీ లేదు గానీ వేపాకు మర్చిపోకూడదు. పెట్టని చీకటి పడ్డాక కూర్చోబెడితే కుదురుగా ఉంటుంది. దాని ఒడిలో పట్టినన్నే, పది పన్నెండు గుడ్లు. ఆశపడి పద్దెనిమిది పెడితే అంచుల్లో ఉన్నవి రోజుకొకటి చల్లబడి అన్నీ పాడవుతాయి.

ఏడో రోజు రాత్రి టార్చి పరీక్ష. అట్టముక్కకి రూపాయి బిళ్లంత కన్నం పెట్టి, టార్చి మీద ఆనించి, దాని మీద గుడ్డు పెట్టి చూడాలి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనపడితే ప్రాణం ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు కలవని గుడ్డు, తీసేయొచ్చు. మా సంఘంలో ఒక పెద్దమ్మ మొదటిసారి ఆ నరాలు చూసి 'ఒలే, కడుపులో గుంటని స్కానింగులో చూసినట్టుందే' అన్నారు. తేట గుడ్లు ఎక్కువొస్తే తప్పు పెట్టది కాదు. ఒక్క ముసలి పుంజు వీధిలో ఇన్ని పెట్టల్ని చూసుకోలేకపోతోందని అర్థం. ఏడెనిమిది పెట్టలకి ఒక పుంజు ఉండాలి.

ఇరవయ్యొకటో రోజుకి పిల్లలు లేస్తాయి. పద్దెనిమిదో రోజు నుంచి గంప జోలికి వెళ్లొద్దు, పిల్లల్ని బయటికి లాగొద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రాత్రి పెట్టల్ని కూర్చోబెడితే ఇంకో లాభం ఉంది. పిల్లలు లేచాక రాత్రిపూట ఒక పెట్ట పిల్లల్ని ఇంకో పెట్ట రెక్కల కిందికి తోసేస్తే తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. ఖాళీ అయిన పెట్ట తొందరగా మళ్లీ గుడ్లకొస్తుంది.

మొదటి నెల పిల్లలకి నూకలు, చోళ్లు సరిపోవు, మాంసం తిండి కావాలి. పాత కుండలో తడిపేడ, చిత్తుగోనె ముక్కలు కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే పొద్దుటికి చెదపురుగులు నిండుతాయి. పిల్లలు వాటి మీద పడి తింటుంటే చూడాలి. ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇంత చేసినా ఒక్క వారంలో ఊడ్చిపెట్టేసేది కొక్కెర తెగులు. మెడ తిప్పేసుకోవడం, పచ్చటి విరోచనం, గంటల్లో చావు. ఒక ఇంట్లో మొదలైతే వీధంతా పోతుంది. మొన్నటి ఏడు మా వీధిలో తెల్లారి గూడు తలుపు తీస్తే ఒక్కటీ బయటికి రాని ఇళ్లున్నాయి. 'నా పెట్టలన్నీ చచ్చిపోనాయమ్మా' అని వాయిదా కట్టే రోజున ఏడ్చిన మనిషికి ఏం చెప్తాం? పాల డబ్బు ఖాతాలో పడుతుంది, బెల్లం డబ్బు మగవాళ్ల చేతికొస్తుంది, కోడి డబ్బే మన కొంగున ముడేసుకునేది. మందులకీ, స్కూలు ఫీజుకీ ఎవర్నీ అడగకుండా తీసేది అందులోంచే.

దీనికి మందు లేదు, టీకా మాత్రం ఉంది. పిల్లకి ఏడో రోజున లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, నెలకి మళ్లీ ఒకసారి. రెండు నెలలు నిండాక రెక్క కింద ఆర్‌టూబీ ఇంజక్షను, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. మరి ఇంత తెలిసి ఎందుకు వేయించుకోం? ఎందుకంటే సీసా నూరు కోళ్లకి వస్తుంది. మనింట్లో ఉన్నవి ఎనిమిది. కలిపిన మందు రెండు గంటలు దాటితే పారబోయాలి, ఐసులో పెట్టి తేవాలి. ఎనిమిది కోళ్ల కోసం ఎవరూ సీసా కోయరు. ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కానే కాదు, అందుకే సంఘం పని అన్నాం. మా ఊళ్లో వీధికొకరు లెక్క రాసి, ముందురోజు రాత్రి కోళ్లని గూళ్లలోనే ఉంచమని చెప్పి, తెల్లవారుజామున తలుపులు తీయకముందే పశుసఖినీ, పశుసంవర్ధక సహాయకుడినీ తీసుకుని ఇంటింటికీ వెళ్లాం. ఎండెక్కేలోపు ఊరంతా అయిపోయింది. మా సంఘంలో లేనివాళ్ల కోళ్లకీ వేశాం, వాళ్లవి వదిలేస్తే తెగులు మళ్లీ మన గుమ్మానికే వస్తుంది కాబట్టి.

పుంజుల గురించి చెప్పాలి, కొంచెం కోపంగానే చెప్తాం. దసరా దాటగానే బేరగాళ్లు వీధుల్లోకి దిగుతారు. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులు చూసుకుని, ఎత్తైన పుంజుకి మనం అనుకోనంత ధర చెప్తారు. పందెం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెప్తోంది, 1974 గేమింగ్ చట్టం చెప్తోంది. అది ఒక పక్క. మనకి జరిగే నష్టం ఇంకోటుంది. ఏటేటా ఊళ్లో మంచి పుంజులన్నీ వెళ్లిపోతే పెట్టల్ని తొక్కేది మిగిలిపోయిన బక్కవే. అమ్మిన డబ్బులో సగం మళ్లీ ఆ బరి దగ్గరే పోతోందని మీకు వేరే చెప్పక్కర్లేదు. మేము రాసుకున్న తీర్మానం ఇది: వీధికొక మంచి పుంజు, ఎవరెంత ఇస్తామన్నా అమ్మకూడదు. దాని మేతకి వీధిలో పెట్టలున్న వాళ్లంతా తలా కాస్త నూకలు ఇస్తారు. రెండేళ్లకోసారి దాన్ని పక్క ఊరి పుంజుతో మార్చుకోవాలి, లేకపోతే తన పిల్లల్నే తొక్కి సంతానం బలహీనమవుతుంది.

అమ్మకానికి పందెమే దిక్కు కాదు. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతరకి మొక్కుకోళ్లు ఎన్ని కావాలో మీకు తెలుసు. భాద్రపదంలో లేచిన పిల్ల అప్పటికి ఆరు నెలల పుంజు అవుతుంది. కాబట్టి శ్రావణంలో పెట్టని కూర్చోబెట్టాలి. ఎండలు ముదిరాక లేచిన పిల్లలు నిలవవు, మేము ఆ నెలల్లో పొదుగు మానేశాం.

పెట్ట లేని సభ్యురాలికి డబ్బు అప్పు కాకుండా పెట్టనే అప్పు ఇస్తున్నాం. ఇది మేము కనిపెట్టింది కాదు. తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీ ఆడవాళ్లకి 'వాటా' అని పాత పద్ధతి ఉంది. పెట్ట ఒకరిది, పెంపకం ఇంకొకరిది, పిల్లలు పంచుకుంటారు. 1990లలో అంత్ర అనే సంస్థలోని మహిళా పశువైద్యులు అక్కడ అసీల్ కోళ్ల మీద పనిచేసినప్పుడు ఆ పద్ధతినే పట్టుకుని, టీకాతో కలిపి నడిపించారు. మా దాంట్లో ఒక పెట్ట తీసుకున్నవాళ్లు ఏడాదిలో రెండు పెట్టపిల్లలు సంఘానికి తిరిగిస్తే అప్పు తీరినట్టు. అవి ఇంకో ఇద్దరికి వెళ్తాయి. వడ్డీ లెక్క పుస్తకంలో ఎక్కడ రాయాలో తెలీక మా వీఓఏ చెల్లి ఇంకా తల గోక్కుంటోంది.

ఇంక్యుబేటర్ కొందామని కొందరు అడుగుతున్నారు. ఆర్డర్లు వందల్లో వచ్చిన రోజు కొందాం. కరెంటు పోయిన రాత్రి ఆ గుడ్ల దగ్గర ఎవరు కూర్చుంటారో ముందు తేల్చుకున్నాక.

కార్తీకం లోపల టీకా తేదీలు వేసుకోవాలి. సీసాలు ఎన్ని కావాలో ముందే చెప్తేనే తెప్పిస్తామన్నారు. కాబట్టి భోజనాలయ్యాక పక్కన చింతచెట్టు కింద కూర్చుంటాం. మీ ఊళ్లో కోళ్లెన్ని, అందులో పొదిగే పెట్టలెన్ని, మార్పిడికి ఇచ్చే పుంజు ఉందా లేదా, ఈ మూడూ రాయించి వెళ్లండి. పుంజు రంగు రాయించక్కర్లేదు.