పండు రసం పీల్చే రెక్కల పురుగు

(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన కోలారును బంగారం, పట్టు, పాలు గల సీమ అని చెప్పుకొంటూ వచ్చాము. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడినవి. నేల మీది సిరి నిలిచి ఉన్నది. శ్రీనివాసపురం మామిడి ప్రసిద్ధమే. దానిమ్మ, జామ తోటలూ ఉన్నవి. ఆ సిరిని రాత్రివేళ దోచుకొనే ఒక ప్రాణిని గురించి మనవి చేస్తాను.

నా చిన్ననాట మా పెదనాన్నగారి తోటలో దానిమ్మలు పండే వేళకు రాలిపోయేవి. ఒక్కొక్క పండుకు సూది గుచ్చినంత రంధ్రం, చుట్టూ కుళ్ళు. పిల్లలే ముల్లుతో పొడిచారని ఆయన మమ్మల్ని దండించారు. తరువాత పట్టపగలు పురుగుమందు కొట్టించారు. రాలడం ఆగలేదు. మా సైన్సు మాస్టారు ఒక రాత్రి టార్చిలైటుతో మమ్మల్ని తోటకు తీసుకొని వెళ్ళారు. పండ్ల మీద ఎర్రగా మెరిసే కళ్ళు కనిపించినవి!

అదే రసం పీల్చే రెక్కల పురుగు. దాని ముందు రెక్కలు ఎండుటాకు రంగు. వెనుక రెక్కలు నారింజ రంగు, వాటిపై నల్లని మచ్చలు.

పట్టుపురుగు జీవితం మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. గుడ్డు, గొంగళిపురుగు, కోశస్థ దశ, రెక్కల పురుగు అనే నాలుగు దశలు దీనికీ ఉన్నవి. కానీ పట్టుపురుగు గొంగళి దశలోనే మేస్తుంది. రెక్కలు వచ్చిన పిదప ఏమీ తినదు. ఇది రెక్కలు వచ్చిన తరువాతనే పండ్లకు శత్రువవుతుంది. గట్టి తొండంతో తోలును చీల్చి రసం పీలుస్తుంది. ఆ రంధ్రం గుండా బూజు ప్రవేశించి పండు కుళ్ళిపోతుంది.

గుడ్లను పండ్లచెట్టు మీద కాక, కంచెలపై అల్లుకొన్న తిప్పతీగ, దూసరితీగ ఆకులపై పెడుతుంది. మూడు నాలుగు రోజులకు పిల్లపురుగులు వెలువడి, రెండు మూడు వారాలు ఆ ఆకులనే మేస్తవి. పిదప ఆకులను దగ్గరకు అల్లుకొని, వాటి మధ్య సుమారు రెండు వారాలు కోశస్థ దశలో ఉంటవి. అందుచేత పగటిపూట చెట్టుకు మందు కొడితే శత్రువు అక్కడ ఉండదు. మందు మాత్రం మన పిల్లలు తినే పండుకు అంటుకొంటుంది.

మరి చేయవలసిన దేమి? తోట కంచెల మీది ఆ తీగలను తొలగించాలి. తిప్పతీగ ఔషధం కనుక కొండల మీద దానిని నాశనం చేయనక్కరలేదు. పండ్లకు సంచులు కట్టాలి. రాలిన పండ్లను ఏరి పూడ్చాలి; వాటి వాసనకే ఇవి చేరుతవి. సంధ్యవేళ పొగ వేయాలి. ఈ పురుగు దూరం ఎగిరివచ్చేది కనుక ఒక్క రైతు పాటిస్తే చాలదు, ఊరంతా పాటించాలి.

ఆ రాత్రి మా పెదనాన్నగారు మాతో, "మిమ్మల్ని ఊరకే కొట్టాను రా" అన్నారు. నింద మోపే ముందు, మందు కొట్టే ముందు, కళ్ళతో చూడమని నేర్పినది ఈ పాఠశాల. ఆ చూపు మన పిల్లలకూ అబ్బాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.