సంతకం తర్వాత

ఈరోజు మీరందుకున్న పట్టాలో ఏం రాసి ఉందో చదవలేని తల్లిదండ్రులు తిరువూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో వచ్చి ఉంటారు. మీ చదువు వాళ్ల రెక్కల కష్టం. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 59 శాతమే. ఏడేళ్లు నిండిన పిల్లల్ని కూడా కలిపి తీసిన సగటు ఇది. నడివయసు దాటినవారిని విడిగా లెక్కిస్తే ఇంకా తగ్గుతుంది. పెద్దలకు సంతకం నేర్పడంతో మన బాధ్యత తీరిందనుకోవడమే వయోజన విద్యకు పట్టిన అసలు జబ్బని నా అభిప్రాయం.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం ఇందుకు భిన్నమైన దారి చూపింది. అక్కడి వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట దాన్ని చదివి, అది తమ కథేనని గుర్తుపట్టారు. 1992లో ఆ జిల్లాలోని దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు కదా, ఇక మిగిలిందేమిటని అడగవచ్చు. సడలించింది ప్రభుత్వం, ఆ పాఠం ఓడిపోలేదు. తమ బతుకు గురించి చదివి, పదిమందితో చర్చించినప్పుడే పెద్దలకు చదువు వంటబడుతుందని దూబగుంట రుజువు చేసింది.

వయోజన విద్యకు పెట్టే డబ్బేదో పిల్లల బడులకే పెడితే మేలంటారు కొందరు. చదవగలిగే తల్లి ఉన్న ఇంట్లో బిడ్డ బడి మానే అవకాశం తక్కువ. ఈ రెండు ఖర్చులకూ పోటీ లేదు. ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తుందిగా అన్నది మరో మాట. కానీ మామిడి తోట కౌలు కాగితం మీద, పొదుపు సంఘం అప్పు పత్రం మీద వేలిముద్ర వేసే క్షణంలో చదివేది ఎదుటివాడే. అయినా పెద్దల చదువు కోసం 2009లో మొదలైన సాక్షర భారత్ పథకాన్ని 2018 మార్చితో ఆపేశారు. పల్లెల్లో కొద్దిపాటి గౌరవ వేతనంతో పనిచేసిన ప్రేరకులు వీధిన పడ్డారు. 2022 నుంచి నడుస్తున్న కొత్త పథకం జీతంలేని స్వచ్ఛంద సేవకులపైనే ఆధారపడింది. ఇంత పెద్ద పని ఉచిత సేవతో సాగదు. మీ ఊరి గ్రంథాలయం సాయంత్రాలు తెరిచి ఉంచాలనీ, అక్కడ జీతమిచ్చి ఒక గురువును నియమించాలనీ పంచాయతీని, శాసనసభ్యుణ్ణి నిలదీయండి. ఆ గురువు వచ్చేదాకా వారానికి రెండు సాయంత్రాలు మీరే అక్కడ కూర్చోండి.