పొయ్యి వెలిగించిన తల్లి



ఇంట్లో ఒకరు పోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలుసు. ఆ మనిషి కూర్చునే కుర్చీ ఉంటుంది, మనిషి ఉండడు. కొన్ని కుటుంబాలకు ఆ దుఃఖం తీరకముందే ఇంకొక కష్టం వచ్చిపడుతుంది. సంపాదించే మనిషి పోయాడు గనుక ఉన్న ఊరు విడిచి వేరే ఊరికి పోవలసి వస్తుంది. అక్కడ ఇల్లు కొత్త, వీధి కొత్త, బడి కొత్త. పేరు పెట్టి పిలిచేవారు ఒక్కరూ ఉండరు. ఇటువంటి కష్టాన్ని ఒక తల్లి, ఆమె పిల్లలు ఎలా దాటారో ఈ రోజు మీకు చెబుతాను.

ఆ తల్లి పేరు సుబ్బమ్మగారు. ఆమె కొడుకు టంగుటూరి ప్రకాశం. అతడు 1872 ఆగస్టు 23న ఆంధ్రదేశంలో, ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెం అనే పల్లెలో పుట్టాడు. ప్రకాశానికి 11 ఏళ్ళ వయసులో తండ్రి గోపాలకృష్ణయ్యగారు చనిపోయారు. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు పట్టణం చేరింది.

పట్టణంలో ఏం చేసి బతకాలి? ఆమె ఉద్యోగం చేయగల చదువు చదువుకోలేదు. ఆ కాలంలో ఆడవారికి ఉద్యోగాలూ లేవు. ఆమెకు బాగా వచ్చిన పని వంట. అందుచేత ఆమె పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. కూడు అంటే అన్నం. పూటకు ఇంత అని డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. అప్పుడు ఇప్పటిలాగ వీధివీధినా హోటళ్ళు లేవు గదా! పనులమీద పట్టణానికి వచ్చినవారు అటువంటి ఇళ్ళలోనే భోజనం చేసేవారు.

అయితే ఆ రోజుల్లో పూటకూళ్ళ పని చేసేవారిని లోకం చులకనగా చూసేది. అన్నం అమ్ముకుంటారా అని ఎత్తిపొడిచేవారు. ఆ సంగతి సుబ్బమ్మగారికి తెలియక కాదు. తెలిసే, ఆమె కొత్త ఊళ్ళో పొయ్యి వెలిగించింది. భర్త పోయిన దుఃఖం లోపల ఉండగానే పదిమందికి వండి పెట్టింది.

అలా వచ్చిన డబ్బు చాలేది కాదు. ప్రకాశం కొంతకాలం వారాలు చేసుకొని చదివాడు. వారాలు అంటే ఏమిటో తెలుసా? సోమవారం ఒకరి ఇంట్లో, మంగళవారం మరొకరి ఇంట్లో, ఇలా వారంలో రోజుకొక ఇంట్లో బీద విద్యార్థికి అన్నం పెట్టేవారు. ఒకసారి పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టవలసి వచ్చింది. ఎక్కడా అప్పు పుట్టలేదు. చివరకు సుబ్బమ్మగారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

ఒంగోలు మిషన్ బడిలో హనుమంతరావు నాయుడుగారు అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన ఈ కుర్రవాని తెలివిని గుర్తించి చేరదీశారు. తాను రాజమహేంద్రవరానికి మారినప్పుడు ప్రకాశాన్ని కూడా వెంట తీసుకొనిపోయి చదివించారు. ప్రకాశానికి అది మరొక కొత్త ఊరు. కాని ఈసారి చేయి పట్టుకొని నడిపించే మనిషి ఒకరు పక్కన ఉన్నారు.

ఆ పిల్లవాడే పెద్దవాడై న్యాయవాది అయ్యారు. ఇంగ్లాండు వెళ్ళి బారిస్టరు చదివి వచ్చారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురునిలిచి, పోలీసుల తుపాకులకు రొమ్ము చూపారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో కన్నుమూశారు. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. తండ్రి లేని పిల్లవాడుగా, ఎవరికీ తెలియనివాడుగా అడుగుపెట్టిన ఊరు ఈనాడు ప్రకాశం జిల్లాకు ముఖ్యపట్టణం.

పిల్లలూ, ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. మన మారిషస్‌లో 1866 నుంచి 1868 వరకు మలేరియా జ్వరం చెలరేగింది. పోర్ట్ లూయిస్‌లోను, పల్లపు ప్రాంతాలలోను వేలాదిమంది చనిపోయారు. ఆ జ్వరం దోమలవల్ల వస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. ఎత్తున, చల్లగా ఉండే చోట జ్వరం తక్కువ అని మాత్రం గ్రహించారు. కలిగినవారు చాలామంది నగరం విడిచి క్యూర్‌పిప్ వైపు తరలిపోయారు. ఆ ఊరు పెరగడానికి అదొక ముఖ్య కారణం. చెరకు తోటల్లో ఒప్పందం మీద పనిచేసే మన పెద్దలకు అలా కదిలే వీలు లేదు. వారిలో ఎందరో అయినవారిని పోగొట్టుకొని, ఆ తోటలోనే మరునాడు మళ్ళీ కత్తి పట్టారు. ఊరు మారినవారికైనా, మారనివారికైనా, మళ్ళీ మొదలుపెట్టడం కష్టమే.

మన తరగతిలోకి కూడా అప్పుడప్పుడు ఒక కొత్త ముఖం వస్తుంది. నాన్న పోయి, అమ్మతో అమ్మమ్మగారి ఊరికి వచ్చిన పిల్ల కావచ్చు. ఆ పిల్లను చుట్టుముట్టి "మీ నాన్న ఎలా పోయాడు?" అని అడగవద్దు. అందరిముందు "అయ్యో పాపం" అనవద్దు. ముందు పేరు అడగండి. పక్కన చోటివ్వండి. మంచినీళ్ళ కుళాయి ఎక్కడో, ఇంటికి పోయే బస్సు ఏదో చూపండి. ఆ పిల్ల తనంతట తాను నాన్న మాట ఎత్తితే, మాట మార్చకుండా వినండి.

ఆ కొత్త పిల్లవు నీవే అయితే నీకు ఒక మాట. ఏడుపు వస్తే ఏడువు, అందులో సిగ్గులేదు. ఆడుకుంటూ ఒకనాడు నవ్వు వస్తే నవ్వు. నవ్వినంత మాత్రాన నాన్నను మరచిపోయినట్లు కాదు. మనసు మరీ బరువెక్కితే అమ్మతో చెప్పు, లేదా మీ ఉపాధ్యాయులతో చెప్పు. సుబ్బమ్మగారంతటి ధైర్యవంతురాలి కొడుక్కి కూడా ఒక మాస్టారి అండ కావలసివచ్చింది గదా!

ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మీ నాయనమ్మనో తాతయ్యనో అడగండి. మన కుటుంబం ఈ ఊరికి ఎప్పుడు వచ్చింది? ఎందుకు వచ్చింది? వచ్చిన మొదటి రోజున మనకు అన్నం పెట్టింది ఎవరు? వారు చెప్పినది తెలుగులో రాసుకొని రండి. రేపు తరగతిలో ఒక్కొక్కరే చదువుదురుగాని, అందరం విందాం.