సభా నిర్వహణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యనిర్వాహక సంఘమువారు నన్ను సభా నిర్వహణమును గూర్చి ప్రసంగింపుమని కోరిరి. కవిత్వమును గూర్చి చెప్పుటకు విద్వాంసులు వచ్చియున్నారు. లెక్కలు వ్రాయువాని కీ విషయము నప్పగించుట ఉచితముగనే యున్నది. సభకు వచ్చినవారికి పందిరియు, పూలదండలును, ఉపన్యాసములును కనిపించును. వాని వెనుక నొక చిట్టా ఉండును, అది కనిపింపదు. చిట్టా సరిగా నున్న సభ గ్రామమునకు మేలు మిగిల్చి పోవును. అది లేని సభ పందిరితోపాటు ఊడిపోవును. నేను చెప్పదలచిన దంతయు ఈ ఒక్క మాటయే.

కార్యనిర్వహణమునకు మేలైన పాఠము మన భారతముననే కలదు. వ్యాసభారతమున సభాపర్వమునందు ధర్మరాజు రాజసూయము తలపెట్టి బంధువుల కందరకు పనులు పంచిపెట్టెను. భక్ష్యభోజ్యముల అధికారము దుశ్శాసనునిది. బ్రాహ్మణుల నాదరించుట అశ్వత్థామకు, రాజులను పూజించుట సంజయునకు అప్పగింపబడెను. బంగారమును, రత్నములను కనిపెట్టి దక్షిణ లిచ్చుట కృపాచార్యుని పని. జరిగిన దేదో, జరుగవలసిన దేదో చూచుట భీష్మద్రోణులది. వ్యయమంతయు విదురుని చేతిలో నుండెను. కానుకలు స్వీకరించుట దుర్యోధనుని వంతు. శ్రీకృష్ణుడు విప్రుల పాదములు కడుగుట తానుగా కైకొనెను.

ఈ పంపకములో మూడు సూత్రములు కలవు. మొదటిది, ఒక పనికి ఒక మనిషి. "అందరమును చూచుకొందములే" అనుకొన్న పనిని ఎవ్వరును చూడరు. మంచినీళ్ళ కొకరు, దీపములకు, మైకునకు ఒకరు, బస్సు దిగు అతిథుల కెదురేగుట కొకరు, వృద్ధులకును, స్త్రీలకును చోటు చూపుట కొకరు అని పేరు పేరున కాగితముపై వ్రాయవలెను. పేరు ప్రక్క తేదీ వ్రాయవలెను.

రెండవది, పెద్దల కుండవలసిన పని. భీష్మద్రోణులు వడ్డన చేయలేదు, ద్వారము కాయలేదు. అంతయు సక్రమముగా సాగుచున్నదా యని చూచిరి. మన గ్రామములలో అనుభవజ్ఞు లందరును వేదికపై కుర్చీలలో కూర్చుందురు. వారిలో నొక్కరైనను దండ వేయించుకొనక పందిరియంతయు తిరుగుచుండుట మేలు.

మూడవది లెక్కలవానికి ప్రాణప్రదమైనది. ఆదాయము పుచ్చుకొను చేయి వేరు, ఖర్చుపెట్టు చేయి వేరు. వచ్చినది విదురుడు పుచ్చుకొనలేదు. పోవునది దుర్యోధనుడు వెచ్చింపలేదు. చందా వసూలు చేసినవారే ఆ సొమ్ముతో సరకులు కొన్నచో, వారెంత నిర్దోషులైనను నిరూపించుకొనుటకు దారి యుండదు. ఇక దుర్యోధనుని మాట. ఆ కానుక లందుకొని యందుకొని తన చేతులు చాలలేదని అతడు తండ్రితో చెప్పుకొని అసూయతో కుమిలెను. ఆ కుములుటయే జూదమునకు దారితీసెను. కావున జమ పట్టువానిని నియమించునప్పుడు అక్షరజ్ఞానముతోపాటు తృప్తిని గూడ చూడవలెను.

ఇక అంచనా సంగతి. సామాన్యముగా మనము ముందు ఖర్చు వ్రాసి, పిమ్మట దానికి సరిపోవు చందాకై ఇల్లిల్లు తిరుగుదుము. ఇది తలక్రిందుల పద్ధతి. తప్పక వచ్చునని నమ్మకమున్న మొత్తమును ముందు వ్రాయవలెను. అందులో పదియవ వంతు ఊహింపని ఖర్చులకై తీసి ప్రక్కన పెట్టవలెను. వాన రావచ్చును, కరెంటు పోవచ్చును, వంద విస్తళ్ళ కనుకొన్నచోట నూటయిరువది లేవవచ్చును. మిగిలిన సొమ్మునకు ఖర్చులు మూడు తరగతులుగా వ్రాయవలెను: లేనిదే సభ జరుగనివి, ఉన్న బాగుండునవి, కేవలము శోభకైనవి. సొమ్ము చాలనిచో కోత మూడవ తరగతినుండి మొదలుకావలెను. మన సభలలో మాత్రము తోరణములు నిలిచి మంచినీళ్ళు తగ్గుచుండును.

తేదీ నిర్ణయించుటయు లెక్కయే. కోతలు, నాట్లు, పిల్లల పరీక్షలు, పెండ్లి ముహూర్తములు నాలుగును చూచి, వీనికి తగులని దినము పెట్టవలెను. అతిథి వచ్చెదనని నోటితో చెప్పినను ఉత్తరము వ్రాసి సమ్మతి పొందవలెను. ముందురోజు మరల జ్ఞాపకము చేయవలెను. ఎరువు తెచ్చిన గుండిగలు, గంగాళములు, జంబుఖానాలు ఎవరి యింటినుండి ఎన్ని వచ్చెనో వ్రాసికొని, తిరిగి యిచ్చునప్పుడు ఆ పట్టీ చూచి అప్పగింపవలెను. ఒక గరిటె పోయినను ఆ యింటివారు మరుసటి సభకు గిన్నె యీయరు.

నియమము పెట్టినవారు దానిని నిలుపుకొనవలెను. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, అక్కడి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున దుర్గాబాయి అను బాలిక వాలంటీరుగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేక రాగా ఆమె ఆపెను. నిర్వాహకులు టిక్కెట్టు తీసికొన్న పిమ్మటనే ఆయనను లోనికి పోనిచ్చెను. ఆ దృఢత్వమును నెహ్రూగారు మెచ్చుకొనిరి. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ సభలో సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. ఈ కథలో అందరును ఆ బాలికను పొగడుదురు. నేను నిర్వాహకులను గూడ పొగడుదును. వారు ఆమె ఆజ్ఞను త్రోసివేయలేదు, టిక్కెట్టు కొనిరి. వడ్డన వరుసలో నిలిచిన మన పిల్లవాడు ఒక పెద్దమనిషిని "తమ వంతు వచ్చువరకు ఆగుడు" అన్నప్పుడు మనము వాని పక్షమున నిలుతుమా? ఈ ప్రశ్నకు జవాబు సభకు ముందే నిశ్చయించుకొనవలెను.

సభలో చేయు తీర్మానము సంగతి యొకటి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు అచట వచ్చిన జనసమూహమును క్రమములో నిలిపినది. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు, ఇవి యన్నియు జూన్ 30 లోపల కావలెనని అచట నిశ్చయించిరి. తీర్మానమున అంకె యున్నది, గడువున్నది. "గ్రంథాలయాభివృద్ధికి అందరును పాటుపడవలెను" అను తీర్మానమున రెండును లేవు. చప్పట్లతోనే అది ముగియును.

అదే బెజవాడలో 1914 ఏప్రిల్ 10 న చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ముఖ్యులు. నాటి పందిరి యెట్లుండెనో, భోజనము లెట్లుండెనో మనకు జ్ఞాపకము లేదు. ఆ సభలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము మాత్రము చరిత్రలో నిలిచినది. సభ వెనుక నొక శాశ్వతమైన వస్తువును మిగిల్చిన దనుట కిది నిదర్శనము.

మరి మన రజతోత్సవము దేనిని మిగిల్చును? ఈ పందిటిలో కూర్చున్నవారిలో ఒక దినపు కూలి డబ్బు నిచ్చినవారు కలరు. పుస్తకము చదువుట రాకున్నను మనుమడు చదువునని ఇచ్చిన అవ్వలు కలరు. ఉత్సవమునకై గ్రంథాలయము కాదు, గ్రంథాలయమునకై ఉత్సవము. "సభ దివ్యముగా జరిగినది, ఇంకను లెక్క లెందుకు?" అని కొందరందురు. లెక్క అడుగుట అవిశ్వాసము కాదు. నిజాయితీగా పనిచేసినవానికి లెక్కకంటె మంచి కవచము లేదు. లెక్క చెప్పని సంఘమునకు గ్రామము ఒక్కసారి చందా ఇచ్చును. రెండవసారి తలుపు తీయదు. అప్పుడు నష్టపోవునది కార్యదర్శి కాదు, బీరువాలో కొత్త పుస్తకము కొరకు వెదకు పిల్లవాడు.

కావున అంకెతోను గడువుతోను మూడు ప్రార్థనలు చేయుచున్నాను. నేటినుండి 15 దినములలో ఈ ఉత్సవపు జమాఖర్చు గ్రంథాలయము అరుగుమీద బిగ్గరగా చదివి, ఒక నెల గోడపై అంటింపవలెను. మిగిలిన ప్రతి రూపాయియు పుస్తకములకే పోవలెను; మిగులు సొమ్ముతో మరియొక విందు వలదు. ఇక మూడవది. ఎవరే పని చేసిరి, ఎన్ని విస్తళ్ళకు ఎంత బియ్యము పట్టెను, ఏ వస్తువు చాలలేదు, ఏది వృథా అయ్యెను అను వివరములన్నియు ఒక పుస్తకముగా వ్రాసి, ఒక నెలలోపల మన గ్రంథాలయపు పట్టికలో చేర్చి సంఖ్య వేయవలెను.

ఇంకను 25 సంవత్సరములకు స్వర్ణోత్సవము వచ్చును. అది జరుపువారు ఇప్పుడు ముందు వరుసలో చాపలపై కూర్చున్న ఈ బాలబాలికలే. వారు బీరువా తెరచి ఆ పుస్తకమును తీసికొందురు. అందులోని అంకెలు వారిచే కూడించుకొని చూడబడును. అవి సరిపోవునట్లు మనము వ్రాయుదము గాక.

స్వస్తి.