కాగిన నూనె – మన బాధ్యత



పూటకూళ్ళ యిండ్లనాటినుండి నేటి హోటళ్ళదాక అన్నము పెట్టి జీవించుట మనలో ననేకుల వృత్తి. కావున మేము ఒక్క విషయమును మనవి చేయుచున్నాము. పూరీలు, గారెలు వేచిన పిమ్మట బాణలిలో మిగిలిన నూనె యెటు పోవుచున్నది? కాలువలో బోసితిమా, గడ్డకట్టి మురుగు నడ్డగించును. చెరువు చేరి నీటిపై పొరయై క్రింది జీవములకు ప్రాణవాయువు నందనీయదు. చౌకగా నమ్మితిమా, బీదవాని బజ్జీల బండికి జేరి మరల కాగును.

పలుమారులు కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్లను హానికర పదార్థములు పెరుగును. ఇవి నూటికి 25 పాళ్ళు మించిన నూనెను వాడరాదని 2018 జూలై 1 నుండి శాసనము. వేపుటకు దినమునకు 50 లీటర్లకు మించి వాడువారు 2019 మార్చి 1 నుండి లెక్క వ్రాసి, మిగిలినదానిని అనుమతి పొందిన సంస్థలకే యీయవలెను. దానితో బయోడీజిల్ తయారగును.

శాసనము పెద్దవారినే లెక్క యడిగినను, చిన్న హోటళ్ళవారు వీధికొక పీపా నుంచి, అందు కూడబెట్టి యీయవచ్చును. మన విస్తరి ముందు కూర్చున్నవాడు మనలను నమ్మి కూర్చున్నాడు. బండివద్ద నిలుచున్న కూలివాడును అట్లే నమ్మినాడు. ఈ మహాసభ దీనిని తీర్మానముగా గైకొన ప్రార్థించుచున్నాము.